వినపడని చెవి వైపు

"రైలు మోత పోవాలి. నా చెవులు మాత్రం మిగలాలి. అలాంటిది ఉందా మీ దగ్గర?"

అతను తలెత్తి చూశాడు. కౌంటరుకు అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. భుజాన బరువైన పనిముట్ల సంచి, చేతి మీద గ్రీజు మరక, ముక్కు మీద నల్ల ఫ్రేము కళ్ళజోడు. తడిసిన జుట్టులోంచి వాన చుక్క ఒకటి జారి అతను అప్పుడే తుడిచిన గాజు మీద పడింది. ఆమె దాన్ని మోచేత్తో తుడిచి, ఆ మోచెయ్యి అక్కడే ఆనించింది.

"ఉందండీ. కూర్చోండి," అన్నాడు.

షాపింగ్ కాంప్లెక్సు మూడో అంతస్తులో, లిఫ్టుకు ఎదురుగా ఉన్న ఆ షాపులో హెడ్‌ఫోన్లు తప్ప మరేమీ అమ్మరు. అయిదేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న అతన్ని తెలిసినవాళ్ళంతా చెవుల డాక్టరంటారు. ఎందుకంటే పెట్టె తీసే ముందు అతను వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి వైద్యుడిలా ప్రశ్నలు వేస్తాడు. రోజుకు ఎన్ని గంటలు ప్రయాణం, బస్సా విమానమా, చెవులు తొందరగా వేడెక్కుతాయా, కళ్ళజోడుందా. చివర్లో ఎవరికైనా సరే ఒక మాట చెప్పి తీరతాడు.

"ఇంజిన్ మోత, ఫ్యాను హోరు, ఏసీ రొద, ఇవి పోతాయండీ. పక్కవాళ్ళ మాటలు తగ్గుతాయిగానీ పూర్తిగా పోవు. పోతాయని ఎవరైనా చెబితే మీ చెవిలో పువ్వు పెడుతున్నట్టే."

షాపు యజమానురాలు, అందరూ అక్కయ్య అని పిలిచే పెద్దావిడ, కౌంటరు చివర పజిల్ నింపుకుంటూ ఆ మాట విన్నప్పుడల్లా నిట్టూరుస్తుంది. "ఆ ఒక్క ముక్క మింగేస్తే రోజుకు ఇంకో రెండు పెట్టెలు కదులుతాయి కదా నాయనా," అంటుంది. అతను మింగడు. అతని గొప్పంతా ఆ ముక్కలోనే ఉంది.

"ఏం పనండీ మీది?" అని అడిగాడు అమ్మాయిని.

"లిఫ్టులు చూస్తాను."

"ఎక్కి చూస్తారా?"

"ఎక్కుతాను, దిగుతాను, పైన మెషీన్ రూములో చెవి పెట్టి వింటాను. బేరింగు పోయేముందు సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు వినపడినన్నాళ్ళే నా ఉద్యోగం."

వారానికి నాలుగు రోజులు వేరే ఊళ్ళకు వెళ్ళాలి. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. రైలు మోతను దాటి పాట వినపడాలని ఇయర్‌ఫోన్లలో వాల్యూమ్ చివరిదాకా పెంచేస్తోంది.

"మొన్న మా నాన్న పక్కన కూర్చుని, నా చెవిలో పాట బాగుందన్నారు. ఆయనకు ఎడమ చెవి బొత్తిగా వినపడదు. ముప్ఫై ఏళ్ళు ఈ పనే చేశారు కదా, మెషీన్ రూములు తినేశాయి. ఆయనకే వినపడిందంటే నేనెంత పెట్టుంటానో చూసుకోండి. ఆ రోజు నుంచీ ఒకటే పోరు, మంచి హెడ్‌ఫోన్లు కొనమని."

"పోరితే మంచిదేగా."

"నాన్న పోరు మామూలుగా ఉండదండీ. మనం చెప్పింది నచ్చకపోతే వినపడే చెవి ఇటు తిప్పి, ఏమిటీ, మళ్ళీ చెప్పు అంటారు. మనం విసిగిపోయేదాకా అడుగుతారు. నచ్చితే మాత్రం ఏమీ అనరు. వినపడని చెవి మన వైపు తిప్పుకుని కూర్చుంటారు. అంటే ఇంక అడ్డు చెప్పనని. నేనీ ఉద్యోగంలో చేరతానన్నప్పుడు అలాగే తిప్పారు."

అతను నవ్వాడు. ఆమెకు ఏది సరిపోతుందో అప్పటికే తెలిసిపోయింది. కింది అరలో బూడిదరంగుది ఒకటుంది. చెవుల చుట్టూ మందమైన మెత్తటి దిళ్ళు, కళ్ళజోడు కాడ మీద కూడా సందు లేకుండా కూర్చుంటాయి. మోత బయటే ఆగిపోతే వాల్యూమ్ సగానికి తగ్గించుకోవచ్చు. మడిస్తే పనిముట్ల సంచిలో ఒక మూల పడి ఉంటుంది. చెయ్యి కింది అరకు వెళ్ళింది కూడా.

అప్పుడు ఆమె కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దూరంగా గోడ మీదున్న గడియారం చూసింది. "నాలుగున్నర. ఐదింటికి నా రైలు. డాక్టర్ గారూ, తొందరగా మందివ్వండి," అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక అతని చెయ్యి పై అరకు వెళ్ళి నల్ల పెట్టె తీసింది. జబ్బు నయమైతే డాక్టరు దగ్గరికి మళ్ళీ ఎవరొస్తారు? సరైనది ఇస్తే ఈ అమ్మాయి ఈ లిఫ్టు దిగి వెళ్ళిపోతుంది, అంతే సంగతులు.

"ముందు ఇది వాడి చూడండి. పద్నాలుగు రోజుల్లోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు."

ఆమె వెళ్ళాక అక్కయ్య పజిల్ మీంచి తలెత్తకుండానే అడిగింది. "ఆ బూడిదరంగుది ఇవ్వలేదేం?"

"ముందు ఇది చూస్తే మంచిదని."

"ఊఁ," అని అక్కయ్య ఒక గడి నింపుకుంది.

అయిదో రోజు ఆమె వచ్చింది. పెట్టె కౌంటరు మీద పెట్టి, "ఇది బాగాలేదండీ. మరీ బాగా పనిచేస్తోంది," అంది.

"అదెలా?"

"రైలెక్కాను, పెట్టుకున్నాను, బటన్ నొక్కాను. మోత ఠక్కున పోయింది. నాకు తెలీకుండానే లేచి నిలబడ్డాను. మా పనిలో చప్పుడు ఆగిందంటే లిఫ్టు మధ్యలో ఇరుక్కున్నట్టు. లోపల మనుషులున్నట్టు. నన్ను చూసి ఎదుటి సీటు పెద్దాయన లేచాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు. స్టేషనొచ్చిందనుకుని సంచులు కూడా దించేశారు."

అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె ముందు కోపంగా చూసి, తర్వాత తనూ నవ్వేసింది.

షాపు వెనక చిన్న గాజుగది ఉంది. రైలు, బస్సు, విమానం చప్పుళ్ళు అతనే రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఆమెను అందులో కూర్చోబెట్టి, రైలు మోత పెట్టి, గోధుమరంగు హెడ్‌ఫోన్లు ఒకటి ఇచ్చాడు. వాటిలో మోతను ఎంత తగ్గించాలో ఫోనులోంచి మార్చుకోవచ్చు. ఒక్కో మెట్టూ తగ్గిస్తూ వచ్చాడు.

"ఇప్పుడు భయంగా ఉందా?"

"కొంచెం."

"ఇప్పుడు?"

ఆమె కళ్ళు మూసుకుంది. "మీ గొంతు వినపడుతుంటే భయం లేదు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

అతనికి ఒక్క మాటా తోచలేదు. రోజంతా గలగలా మాట్లాడే మనిషికి సరిగ్గా అప్పుడే నోరు పెగల్లేదు. చేతికందిన వారంటీ కార్డు తీసుకుని మొదటి అక్షరం నుంచీ చదవడం మొదలుపెట్టాడు. నీళ్ళలో పడితే బాధ్యత వహించము, పెంపుడు జంతువులు కొరికితే బాధ్యత వహించము. ఆమె కళ్ళు తెరవకుండానే నవ్వుతోంది. ఆ కార్డు రెండుసార్లు చదివాడు. అయిదేళ్ళలో ఆ గది అతనికి ఎప్పుడూ అంత బాగా అనిపించలేదు.

బూడిదరంగుది ఆ రోజు కూడా కింది అరలోనే ఉండిపోయింది.

పన్నెండో రోజు మళ్ళీ వాన. ఆమె గొడుగు మూలన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"కాడ దగ్గర సందులోంచి మోత వస్తోందండీ. మళ్ళీ వాల్యూమ్ పెంచేస్తున్నాను."

అతని మొహంలో నవ్వు పోయింది. "రైలు దిగాక చెవులు గుయ్యిమంటున్నాయా?"

"అప్పుడప్పుడు," అంది ఆమె, ఎటో చూస్తూ.

మెషీన్ రూములు తినేసిన చెవి ఒకటి అతనికి గుర్తొచ్చింది. ఈమె చెవులే ఈమె ఉద్యోగమని కూడా గుర్తొచ్చింది. వంగి కింది అర తెరిచాడు.

ఆమె బూడిదరంగుది పెట్టుకుని గాజుగదిలో కూర్చుంది. గదిలో రైలు మోత మొదలుపెట్టి, ఆమె చెవుల్లో పాట పెట్టాడు. ఆమె వాల్యూమ్ తగ్గించింది, ఇంకా తగ్గించింది. "ఇదీ అసలైన మందు. కొత్తగా వచ్చిందా?" అంది.

అవునంటే సరిపోయేది. ఒక్క మాట. అతను తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం నిలబడ్డాడు. ఆ తర్వాత మోత ఆపేశాడు.

"లేదండీ. మొదటి రోజు కూడా ఇక్కడే ఉంది. మీకు సరిపోయేది ఇదేనని ఆ రోజే తెలుసు."

"మరెందుకివ్వలేదు?"

"ఇస్తే మీరు మళ్ళీ రారని." అతను ఆమె చెవుల మీది హెడ్‌ఫోన్ల వైపు చూశాడు. "మీరంటే నాకిష్టం. దానికోసం మీ చెవులతో ఆడుకున్నాను. అది క్షమించే తప్పు కాదు."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి, మెల్లగా మడిచింది.

"మా ఇంట్లో చెవులంటే తమాషా కాదు డాక్టర్ గారూ," అంది.

బూడిదరంగు పెట్టె సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. గొడుగు మర్చిపోయింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఆ సాయంత్రం అక్కయ్య పజిల్లో ఒక్క గడీ నిండలేదు.

పద్నాలుగో రోజు ఆదివారం. పొద్దున్నుంచీ వాన. లిఫ్టు వచ్చిన ప్రతిసారీ అతను తలెత్తాడు, ప్రతిసారీ దించుకున్నాడు. మధ్యాహ్నం దాటాక లిఫ్టులోంచి ఒక పెద్దాయన దిగాడు. దిగినవాడు నేరుగా రాకుండా వెనక్కి తిరిగి, మూసుకున్న తలుపుకు కుడి చెవి ఆనించి విన్నాడు. తర్వాత వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు.

"మీ లిఫ్టు రెండో అంతస్తు దగ్గర మూలుగుతోంది. ఎవరికైనా చెప్పండి. చెవుల డాక్టరంటే నువ్వేనా బాబూ?"

ఎవరో తెలిసిపోయింది. అతను లేచి నిలబడ్డాడు. "అమ్మాయిగారి చెవులు బాగున్నాయాండీ?"

పెద్దాయన అతన్ని కాసేపు పరీక్షగా చూశాడు. "నిన్ననే డాక్టరుకు చూపించాను. నిక్షేపంలా ఉన్నాయి. ముందు కూర్చో."

అతను కూర్చున్నాడు.

"రెండు రోజులుగా మా అమ్మాయి సరిగ్గా తినదు, మాట్లాడదు. నీ మీద కోపమనుకున్నా. అడిగితే కాదట, తన మీదేనట. దానికి కళ్ళజోడు చదవడానికే బాబూ. రైల్లో పెట్టుకుంటే తల తిరుగుతుంది దానికి, తీసి సంచిలో పడేస్తుంది."

నుదుటి మీదికి తోసిన కళ్ళజోడు అతని కళ్ళముందు మెదిలింది. "మరి ఆ సందు, ఆ మోత?"

"సందూ లేదు, మోతా లేదు. ఆ గోధుమరంగుది బ్రహ్మాండంగా పనిచేసింది. ఇక్కడికి మళ్ళీ రావాలంటే వంక ఉండాలి కదా మరి. నువ్వు నిజం చెప్పేసరికి తన అబద్ధం గుర్తొచ్చి, ఏం చెయ్యాలో తెలీక నిన్నే కసిరి వచ్చేసింది. ఇప్పుడు నీ మొహం చూడ్డానికి సిగ్గు. షాపుకు రావే అంటే, మెషీన్ రూము చూసొస్తానంటుంది. దాని పేషెంటు కూడా కాదు ఈ లిఫ్టు."

"దొంగకు దొంగ తోడు దొరికింది," అంది అక్కయ్య, పజిల్లో ఒక గడి నింపుతూ.

లిఫ్టు తెరుచుకుంది. ఆమె వచ్చింది. భుజాన సంచి లేదు, ముక్కు మీద కళ్ళజోడు లేదు. చేతిలో బూడిదరంగు పెట్టె.

"ఇవాళ పద్నాలుగో రోజు," అంది.

"మార్చాలాండీ?"

"వద్దు. ఒక మాట చెప్పాలి." తండ్రి వైపు చూసి ఆగిపోయింది.

పెద్దాయన చటుక్కున స్టాండు మీదున్న హెడ్‌ఫోన్లు ఒకటి అందుకున్నాడు. "నాకెందుకమ్మా మీ మాటలు. ఇది పెట్టుకుని కూర్చుంటా. ఇంక నాకేమీ వినపడదు, అంతే కదా బాబూ?"

అతను తల ఊపితే చాలు. ఆమె చెప్పబోయే ఆ మాట కోసం అతను పద్నాలుగు రోజులుగా తపిస్తున్నాడు. ఆమె అతని వైపే చూస్తోంది. అక్కయ్య పెన్సిలు కూడా కదలడం మానేసింది.

"కాదండీ," అన్నాడు. "దాంతో మోత పోతుందిగానీ మాటలు పూర్తిగా పోవు. మీకు వినపడుతుంది."

పెద్దాయన హెడ్‌ఫోన్లు తీసి, జాగ్రత్తగా స్టాండుకు తగిలించాడు.

"తెలుసు. ఈ ముక్క నువ్వు అందరికీ చెప్తావని మా అమ్మాయి చెప్పింది. అవసరం నీదైనప్పుడు కూడా చెప్తావో లేదో చూద్దామనుకున్నా."

అలా అని స్టూలు ఒకటి లాక్కుని, కిటికీ దగ్గర వాన చూస్తూ కూర్చున్నాడు.

"నాన్నా," అని పిలిచింది ఆమె.

ఆయన పలకలేదు. కుడి చెవి కిటికీ వైపు ఉంది. ఎడమ చెవి ఇటు ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికీ అర్థమైంది.

"మీరంటే నాకూ ఇష్టం," అంది మెల్లగా. "గొడుగు కూడా మర్చిపోలేదు. కావాలనే వదిలేశాను. అంత కోపంలోనూ."

గాజుగదిలో అడిగినట్టే అతను అడిగాడు. "ఇప్పుడు భయంగా ఉందా?"

"కొంచెం. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

అతను బూడిదరంగు పెట్టె తెరిచి వారంటీ కార్డు తీశాడు. "కొన్న తేదీ నుంచి ఒక సంవత్సరం వరకు," అని మొదలుపెట్టాడు.

"ఒక్క సంవత్సరమేనా?" అంది ఆమె.

అతను కార్డు మడిచి పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత చదవకుండానే మాట్లాడాడు, చాలాసేపు. పెద్దాయన ఆ వాన వెలిసేదాకా ఇటు తిరగలేదు.