హనుమంతమ్మ మిట్ట మీద ఈల

ముదిగుబ్బకూ బత్తలపల్లెకూ నడుమ హనుమంతమ్మ మిట్ట అని ఒకటి ఉంది. పొద్దు గూకినాక ఆ మిట్ట ఎక్కే మగవాళ్లందరికీ దేవుడు గుర్తొస్తాడు. పగటిపూట ఆయన ఊసే ఉండదు.

చెట్టూ చేమా లేని మిట్ట. దెయ్యం కూర్చోవాలన్నా నీడ దొరకదు. చుట్టూ ఎండిన శెనక్కాయ చేన్లు, కొసన ఒక నల్లబండ. అయినా ఆడ దెయ్యం ఉంది. వాన లేకుండా ఎన్నేండ్లయినా బతుకుతాం గానీ, దెయ్యం లేని రోడ్డు మీద నడవాలంటే మావాళ్లకు చిన్నతనం.

ఎవరా హనుమంతమ్మ? ఒక కరువుకాలంలో, నెత్తిన గంపతో, ముదిగుబ్బకు పోయే బస్సుకు చెయ్యెత్తిందంట. బస్సు ఆగలేదు. "ఆపప్పా... ఆపప్పా..." అంటూ మిట్ట కొసదాకా దాని వెనకే పరిగెత్తి, ఆ నల్లబండ కాడ కూలబడిందంట. మళ్లీ లేవలేదు.

బస్సు ఆపని డ్రైవరు పేరు ఈ చుట్టుపక్కల ఒక్కరికీ గుర్తులేదు. పరిగెత్తిన ఆడదాని పేరు మాత్రం మిట్టకు పెట్టి, ఆమెను దెయ్యం చేసి కూర్చోబెట్టినారు. న్యాయం అంటే అట్లుండాల.

అప్పట్నుంచీ ఒక మర్యాద. ఇంజను చప్పుడు వింటే ఆమెకు ఆ బస్సు గుర్తొస్తుందంట. అందుకని మిట్ట ఎక్కిన మరుక్షణం, బండి ఇంకా రొప్పుతుండగానే, నల్లబండ కాడ తాళం తిప్పి ఆపెయ్యాల. ఒక నిమ్మకాయ కోసి పడేసి, చెవులు రిక్కించి వినాల. చప్పుడు లేకుంటే కదలొచ్చు. ఆపడం కొంచెం ఆలస్యమైనా... ఆమె బండెక్కుతుంది.

పాత జీపులూ లారీలూ ఏండ్ల తరబడి ఈ మర్యాద చేసినాయి. వాటికేమీ కాలేదు.

రెండువేల నాలుగులో ముదిగుబ్బ కేశవ కొత్త డీజిల్ పికప్పు కొన్నాడు, గొర్రెలూ శెనక్కాయ మూటలూ తోలడానికి. బండి పక్కన ఎర్రటి అక్షరాలు, టర్బో అని. అదేందప్పా అని ఎవరడిగినా కేశవ చెప్పేది ఒకటే మాట: "స్పీడు."

ఆ నెలలోనే అతనికి బత్తలపల్లె హేమావతితో పెండ్లయింది. ఇంటికి రెండు కొత్తవి వచ్చినాయి. బండికి గుమ్మడికాయ కొట్టి దిష్టి తీసినారు. కోడలికి చేద చేతికిచ్చి బావి చూపించినారు.

బండి కొన్నవాడు ఊరకుంటాడా? బత్తలపల్లెలో మద్దిలేటి అనే మెకానిక్కు షెడ్డు ఉంది. "అన్నా, దీని బలంలో సగం నిద్రపోతాంది. లేపాల" అన్నాడు మద్దిలేటి. లేపినాడు. గాలి ఫిల్టరు పీకి, దాని బదులు మెరిసే జాలీ ఒకటి బిగించినాడు. టర్బో గాలి ఒత్తిడి పెరిగేటట్టు మర తిప్పినాడు. సైలెన్సరు తీసి చెయ్యి పట్టేంత లావు గొట్టం పెట్టినాడు. మా సీమలో ఆకాశం నుంచి తప్పకుండా కురిసేది దుమ్మొక్కటే. ఆ జాలీలోంచి అదంతా తిన్నగా ఇంజను కడుపులోకే పోయింది. ఆయిలు ఎప్పుడు మార్చాలో కేశవకు తెలీదు. నల్లబడితే బలం పట్టిందనుకున్నాడు.

బండి మాత్రం ఊర్లో సింహం మాదిరి అరిచింది. కేశవ ఛాతీ కూడా కొంచెం ముందుకొచ్చింది.

కొన్నాళ్లకు, ఒక సాయంత్రం, హేమావతి పుట్టింటికి పోయి మొగుడితోపాటు తిరిగొస్తాంది. చీకటి పడింది. మిట్ట మొదలైంది. కేశవ గేరు మార్చి కాలు నొక్కినాడు.

అప్పుడు వినపడింది...

సన్నగా. యాడనో దూరంగా. ఎవరో ఆడమనిషి గొంతు బిగబట్టి కూసినట్టు — ఊఁ...ఈ...ఈ...

"విన్నావా?" గుసగుసగా అడిగినాడు కేశవ.

"విన్నా."

మిట్ట ఎక్కేకొద్దీ ఆ కూత కూడా ఎక్కింది. బండి మాత్రం ఎక్కడంలేదు. ఎవరో వెనకనుంచి కొంగు పట్టి లాగినట్టు ఈడ్చుకుంటాంది. అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ... ఆ పొగలో ఏముందో చూడడానికి కేశవకు ధైర్యం చాల్లేదు. నల్లబండ కాడికొచ్చీ రాకముందే తాళం తిప్పేసినాడు.

కూత ఆగిపోయింది.

అంత నిశ్శబ్దంలో వినపడింది ఒక్కటే చప్పుడు, మా కేశవ పండ్లు కొట్టుకునేది.

ఇల్లు చేరగానే అంతా తల్లి చెన్నమ్మకు చెప్పినాడు. మింగిన భయాన్ని అమ్మ ముందర కక్కేస్తే మగవాడి కడుపు తేలికవుతుంది. చెన్నమ్మ కోడలిని పైనించి కిందికి చూసి, "ఇన్నాళ్లూ లేని కూత ఇది ఎక్కినప్పుడే వచ్చిందంటే... ఇంగ చెప్పేదేముండాది నాయనా! ఆ యమ్మ దీన్ని పట్టింది" అనింది.

"అత్తా, నన్ను పడితే నేను కూయాల గదా? బండి ఎందుకు కూస్తాంది?" అనింది హేమావతి.

"చూసినావా? మాట్లాడేది ఇది కాదు. లోపలుండే ఆ యమ్మ."

తర్వాత కేశవ ఒక్కడే పోయినప్పుడు కూడా బండి కూసింది. ఆమె లేకపోయినా కూసింది గదా, ఇంగ కోడలి తప్పేం లేదంటారేమో అనుకుంటాం మనం. చెన్నమ్మ అనలేదు. "దీనికోసరం వెతుక్కుంటాంది" అనింది. ఆడదాని మీద నేరం మోపాలంటే ఎక్కినా సాక్ష్యమే, ఎక్కకపోయినా సాక్ష్యమే.

బత్తలపల్లె అవతల బసప్ప అనే మంత్రగాడు ఉన్నాడు. వేపమండతో కొట్టి దెయ్యాలను దించుతాడు. దెబ్బలు దెయ్యానికంట, వాతలు మాత్రం మనిషికి తేల్తాయి. అమావాస్య సాయంత్రం రమ్మన్నాడు.

బయలుదేరేటప్పుడు అత్త కట్టిన మూట చూసింది హేమావతి. ఒక్క పూటకు పోయేదానికి పెండ్లి చీరతో సహా అన్ని చీరలూ ఎందుకు?

"దిగకపోతే?" అని అడిగింది మొగుణ్ణి.

కేశవ టైరు వంక చూసినాడు. "దిగకపోతే... కొన్నాళ్లు మీ నాయన కాడ ఉండు."

ఆ కొన్నాళ్లంటే ఎన్నాళ్లో మా ఊర్లలో పుట్టిన ఏ ఆడపిల్లకూ విప్పి చెప్పక్కర్లేదు.

ముందు సీట్లో ముగ్గురూ. కేశవ, నడుమ చెన్నమ్మ, కిటికీ పక్కన హేమావతి, ఒళ్లో మూట. వెలుతురు పోయింది. మిట్ట వచ్చింది.

ఊఁ...ఈ...ఈ...

"వచ్చె! వచ్చె!" చెన్నమ్మ కండ్లు మూసుకుని కోడలి చెయ్యి గట్టిగా పట్టుకునింది. దెయ్యం పట్టిందని చెప్పిన చేతినే! దగ్గర్లో ఇంకో చెయ్యి లేదు మరి.

హేమావతికి భయం లేకపోలేదు. కానీ మూట బరువు దానికంటే ఎక్కువగా ఉంది. ఆమె నాయన శెనక్కాయలు ఒలిచే మిల్లు నడిపేవాడు. ఇంజను చప్పుడు వింటూ నిద్రపోయి, అది ఆగితే మెలకువొచ్చే ఇంట్లో పుట్టి పెరిగింది. ఆ కూతను కాసేపు విని, మెల్లగా అనింది:

"కాలు తియ్యి."

"ఏం?"

"యాక్సిలేటరు మీదనుంచి కాలు తియ్యప్పా."

తీసినాడు. కూత ఆగింది.

"నొక్కు."

ఊఁ...ఈ...ఈ...

"తియ్యి."

నిశ్శబ్దం.

"ఇంగ చెప్పు. దెయ్యం నా లోపల ఉండాదా, నీ కాలి కింద ఉండాదా?"

కేశవ మళ్లీ కాలు నొక్కినాడు. బండి ఈడ్చుకుంటూ కొసకు చేరింది. నల్లబండ కనపడగానే అలవాటు చొప్పున అతని చెయ్యి తాళం మీదికి పోయింది. హేమావతి అత్త మీదనుంచి వంగి ఆ చెయ్యి పట్టుకునింది.

"ఆపద్దు."

"అయ్యో, ఆపరా!" చెన్నమ్మ అరిచింది. "ఎక్కుతుందిరా!"

"మా నాయన నిండు లోడు ఆడించి ఇంజను టక్కున ఆపేవాడు కాదు. వట్టిగా కాసేపు తిరగనిచ్చి, ఊపిరి సర్దుకున్నాకనే ఆపేవాడు. ఎందుకని అడిగితే, పరిగెత్తినోణ్ణి పరిగెత్తినట్టే పండబెడితే గుండె పగులుతుంది అనేవాడు. మీరు ప్రతిసారీ ఈడ, ఈ ఎత్తు ఎక్కినాక, టక్కున పీక నొక్కుతాండారు. అది కూయక పాడతాదా?"

ఇంజను తిరుగుతానే ఉంది. ఎవరూ ఎక్కలేదు. చెన్నమ్మ ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకునింది.

ఆ సాయంత్రం బండి బసప్ప గుడిసె కాడికి పోలేదు. మద్దిలేటి షెడ్డు కాడ ఆగింది.

మద్దిలేటి దీపం పట్టుకుని గొట్టం విప్పినాడు. లోపల చిన్న ఫ్యాను మాదిరిది ఒకటుంది. వేలితో కదిపితే ఊడిపోయే పాలపన్ను ఊగినట్టు ఊగింది. రెక్కల అంచులన్నీ ఎలుకలు కొరికినట్టున్నాయి. ఇరుసు చుట్టూ ఆయిలు మాడి బొగ్గు కట్టింది.

"ఇదే టర్బో అక్కా" అన్నాడు. "ఇంజను వదిలే పొగతో తిరుగుతుంది. మిట్ట ఎక్కేటప్పుడు నిప్పు మాదిరి కాల్తుంది. దాన్ని కాపాడేది ఆయిలే. టక్కున ఆపితే ఆయిలు రాదు, ఫ్యాను మాత్రం తిరుగుతానే ఉంటాది. ఉన్న ఆయిలు మాడి బొగ్గయితాది. ఇంగ రెక్కలంటావా... దుమ్ము కొట్టేసింది. నొక్కినప్పుడల్లా కూసేది ఇదే."

"దుమ్ము పోయే దోవ ఎవరు చేసినారు?"

మద్దిలేటి దీపం వంక చూసినాడు.

"ఈ సంగతులన్నీ మొదటే ఎందుకు చెప్పలేదప్పా?"

"అన్న అడిగింది స్పీడు గురించి గదక్కా."

పాత టర్బో తీసి బాగుచేసినది పెట్టినారు. మెరిసే జాలీ పోయి అసలు ఫిల్టరు వచ్చింది. తిప్పిన మర వెనక్కి తిరిగింది. ఆయిలు మారింది. పొద్దున తాళం తిప్పగానే బండిని అరిపించకుండా, ఆయిలు పైకి ఎక్కేదాకా నిమ్మళంగా తిరగనివ్వడం కూడా కేశవ నేర్చుకున్నాడు. కూత పోయింది. మూటలోని చీరలు మళ్లీ పెట్టెలోకి పోయినాయి. కోడలికి క్షమాపణ ఎవరైనా చెప్పినారా అని అడక్కండి. కథల్లో కూడా కొన్ని జరగవు.

కానీ ఊర్లో అప్పటికి ఇంకొన్ని టర్బో బండ్లు వచ్చినాయి. అవీ మిట్ట కొసన టక్కున ఆగుతాండాయి. ఆయిలు, ఇరుసు, బొగ్గు అని కేశవ చెప్తే, "దెయ్యంతో ఆటలొద్దన్నా" అన్నారు. హేమావతి ఆలోచించి, ఒకనాడు అత్త తలకు నూనె రాస్తూ అనింది: "అత్తా, హనుమంతమ్మ కలలోకొచ్చింది. బండిని టక్కున ఆపితే నా గుండె ఆగినట్టుంటాది, నేను ఒక ఆకువక్క నమిలేదాకా ఇంజను తిరగనీయండి అనింది."

రెండోనాటికి ఆ కల చెన్నమ్మకే వచ్చింది. వారం తిరక్కముందే ఊరంతటికీ చెప్పింది. ఇంజను సంగతి చెప్తే విననోళ్లు కల మాట చెప్తే చేతులు కట్టుకుని విన్నారు. ఇప్పుడు ప్రతి బండీ నల్లబండ కాడ ఒక ఆకువక్క నమిలేంతసేపు వట్టిగా తిరిగి, తర్వాతనే ఆగుతుంది. ఒక్క టర్బో కూడా కూయడంలేదు.

ఈడితో అయిపోతే బాగుండేది.

ఆ ఏడాది చివర్లో, ఒక సాయంత్రం, మొగుడూ పెండ్లాం ధర్మవరంలో గొర్రెలు దించి ఖాళీ బండితో వస్తాండారు. మిట్ట ఎక్కినారు. కూత లేదు. నల్లబండ కాడ ఇంజను వట్టిగా తిరిగింది. కేశవ ఆకువక్క నమిలి ఊసి, తాళం తిప్పినాడు. బండి ఆగింది.

గాలి లేదు. ఎండిన శెనక్కాయ తీగ కూడా కదలడంలేదు.

అప్పుడు... వెనక, దిగువనుంచి...

ఊఁ...ఈ...ఈ...

కేశవ తాళం వంక చూసినాడు. ఆపేసే ఉంది. తన కాలి వంక చూసుకున్నాడు. దేని మీదా లేదు.

"హేమా..."

"విన్నా."

కూత మిట్ట ఎక్కుతాంది. దగ్గరికొచ్చేకొద్దీ అది కూత మాదిరి లేదు... రొప్పు మాదిరి ఉంది. పరిగెత్తి పరిగెత్తి వస్తాండే మనిషి రొప్పు.

కేశవ తాళం తిప్పబోయినాడు. మళ్లీ ఆ చెయ్యే పట్టుకునింది హేమావతి. ఈసారి ఆమె చెయ్యి కూడా చల్లగా ఉంది.

అద్దం దించి చీకట్లోకి అనింది: "నిమ్మళంగా రామ్మా. ఆపినాం. ఎక్కు."

రొప్పు ఆగింది.

ఖాళీ బండి వెనక బరువు మోసే కమాన్లు కిర్రుమని... కొంచెం కిందికి దిగినాయి.

ముదిగుబ్బ దాకా ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు. బస్టాండు కాడ కేశవ ఎవరూ చెప్పకుండానే బండి నిలిపినాడు. ఇంజను వట్టిగా తిరుగుతాంది. కమాన్లు కిర్రుమన్నాయి. వెనకభాగం మెల్లగా పైకి లేచింది.

హేమావతి అద్దం ఎక్కించుకుంటూ అనింది: "ఇంతకాలం ఆమె అడిగింది అంతే గదప్పా. ఆపమని."