మోకాలి ఎత్తు కిటికీ

"కదలకండి తాతా, కదలకండి!" అని రలిత్స మనసులోనే అనుకుంది. పైకి అంటే తాత కదులుతాడు కదా మరి.

వాళ్ల బిల్డింగ్‌లోనే ఉండే మెతోది తాత కదల్లేదు. ఆయన పెంకా అత్త కొట్టు ముందు వంగి, పెరుగు తాజాదా కాదా అని వాదిస్తున్నాడు. మా సోఫియా నగరంలో ఇలాంటి కొట్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. కొట్టు నేలమాళిగలో ఉంటుంది. దాని కిటికీ మన మోకాళ్ల దగ్గర ఉంటుంది. ఏం కొనాలన్నా వంగాల్సిందే, మంత్రిగారైనా సరే.

రలిత్స ఫోన్ ఎత్తింది. శుక్రవారం బడిలో ఫోటోల ప్రదర్శన. "వీధిని తీయండి, కానీ అందులో మనిషి ఉండాలి. మనిషి లేని వీధి ఖాళీ కంచం లాంటిది," అన్నారు యావోర్ మాస్టారు.

ఎడమవైపు పసుపు గోడ. కుడివైపు ట్రామ్ పట్టాలు. వీధి చివర వితోషా కొండ. ముందు, గోధుమరంగు ప్యాంటులో మెతోది తాత వెనకభాగం. రెండూ ఒకే ఆకారం!

క్లిక్.

"వీటిలో వితోషా ఏది, తాత ఏది?" అంటూ బోయాన్ పడీ పడీ నవ్వాడు. వాడు రలిత్స పక్కింటి వాడు, తరగతిలో పక్క బెంచీ వాడు. "నాకు పంపవే, ప్లీజ్!"

పంపింది. సాయంత్రానికి ఆ ఫోటో వాళ్ల బిల్డింగ్ గ్రూపులో ఉంది. దాని కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి. రలిత్సకి ఆ రాత్రి అన్నం కూడా ఎక్కువే పట్టింది.

మర్నాడు మెతోది తాత కొట్టుకి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

"సూపర్‌మార్కెట్‌కి పోతున్నాడట," అంది పెంకా అత్త, రలిత్సకి పొద్దుతిరుగుడు గింజల పొట్లం అందిస్తూ. "అక్కడైతే వంగక్కర్లేదట. ఇన్నేళ్లుగా రోజూ నాతో పోట్లాడిన మనిషి! ఇప్పుడు నేనెవరితో పోట్లాడను?"

"ఎందుకు పోతున్నాడు?"

"ఆయన వెనక నిలబడి ఎవరో ఫోటో తీశారట. ఆయనకి ఫోన్ లేదు. అయినా ఎవరో పుణ్యాత్ములు పనిగట్టుకుని చూపించారు."

రలిత్స గింజల పొట్లం మడిచి కిటికీ అంచు మీద పెట్టేసింది.

"ఎవరో కాదత్తా. నేనే."

పెంకా అత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"లోపలికి రా. ఈ సీసాలు సర్దు. శిక్ష అనుకో, సాయం అనుకో, నీ ఇష్టం."

రలిత్స మెట్లు దిగి లోపలికి వెళ్లింది. సీసాలు సర్దుతూ పైకి చూసింది. కిటికీలో ముందు బూట్లు వచ్చాయి. తర్వాత మోకాళ్లు. ఉన్నట్టుండి ఒక ముఖం! దాని వెనక ట్రామ్ తీగలు, బాల్కనీలో ఆరేసిన దుప్పట్లు, బోలెడంత ఆకాశం. ఆ ముఖం వెళ్లగానే ఇంకొకటి. అందరూ నవ్వు ముఖాలే. అంతలా వంగి, ముఖం గంభీరంగా పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

సీసాలు సగంలోనే ఆగిపోయాయి.

రలిత్స ఫోటో తుడిచేసింది. గ్రూపులో కూడా తీసేయించింది. బోయాన్ గునిసినా వినలేదు. తర్వాత మెతోది తాత తలుపు తట్టింది.

"తాతా, ఆ ఫోటో నేనే తీశాను. మిమ్మల్ని అడగలేదు. క్షమించండి."

తాత కళ్లజోడు పైనుంచి చూశాడు. "నాకు ముఖం కూడా ఉంది, తెలుసా పిల్లా?"

"ఇప్పుడు అదే కావాలి తాతా. రేపు పెరుగు కొనడానికి వస్తారా?"

"మళ్లీ వంగాలా?"

"వంగాలి. కానీ ఈసారి నేను లోపల ఉంటాను."

"చూద్దాం," అని తాత తలుపేసుకున్నాడు.

గురువారం పొద్దున్నే రలిత్స కిటికీ కింద కూర్చుంది. ఎన్నో బూట్లు వచ్చి వెళ్లాయి. ఇక బడికి వేళవుతోంది అనుకుంటుండగా, తళతళలాడే నల్లబూట్లు వచ్చి ఆగాయి. కిటికీలోకి ముందుగా ఒక ఎర్ర టై వేలాడింది. దాని వెనకే, నున్నగా గడ్డం గీసుకున్న మెతోది తాత ముఖం.

"ఈ పెరుగు నిన్నటిదేనా?"

"మీకంటే తాజాదే బాబాయ్!" అంది పెంకా అత్త. ఆమె ముఖం వెలిగిపోయింది.

తాత పగలబడి నవ్వాడు. ఆయన తల వెనక ఆకాశంలో ట్రామ్ తీగలు మెరుస్తున్నాయి. రలిత్స ఫోన్ ఎత్తింది. ఆగింది.

"తాతా, తీయనా?"

తాత తల అడ్డంగా ఊపాడు. మా ఊళ్లో దానికి సరే అని అర్థం.

క్లిక్.

"అయిందా?" అన్నాడు తాత. "అయితే ఎవరైనా వచ్చి నన్ను లేపండి. నడుం పట్టేసింది!"

రలిత్స మెట్లెక్కి బయటికి పరుగెత్తింది. బయట మళ్లీ అదే పసుపు గోడ, అవే పట్టాలు, అవే రెండు కొండలు. ఈసారి దగ్గరి కొండ మీద ఒక పావురం కూడా వాలి ఉంది.

రలిత్స ఫోన్ జేబులో పెట్టేసుకుంది. తాతకి రెండు చేతులూ అందించింది.

పావురం ఎగిరిపోయింది.