తిడితే వెలిగే దీపం

"ఊపిరి బిగబట్టండి... ఆ, ఇక వదలండి."

డాక్టర్ నస్రీన్ మాట పూర్తికాకుండానే గోడమీది గాజుగొట్టంలో నీలివెలుగు జరజరా కిందికి జారింది. దానితోపాటే మురళీధర్ గుండె కూడా జారింది.

ఆ గొట్టం పేరు హృదయదీపం. సముద్రం ముందుకొచ్చి సగం వీధుల్ని మింగేసిన బందరులో, గుండె బలహీనపడ్డవాళ్ళ ఇళ్ళల్లో నస్రీన్ దాన్ని బిగించి పరీక్షిస్తోంది. గుండె ఆగిపోవడం వేరు, అలిసిపోవడం వేరు. అలిసిన గుండె రక్తాన్ని గట్టిగా తోయలేదు. నీరు కాళ్ళలోకి దిగుతుంది, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అలాంటి మనిషి ఎన్నాళ్ళుంటాడన్నది గుండె ఒక్కదాని చేతిలో లేదు. కిడ్నీలు ఎలా ఉన్నాయి, రక్తం తగ్గిందా, సోడియం ఎంత, ఉన్నట్టుండి బరువు పెరిగిందా, మాత్రలు వేళకి పడుతున్నాయా, ఉప్పు మానాడా, పక్కన మనిషుందా... ఇవన్నీ కలిపి తూచాలి. ఛాతీమీది సెన్సర్ ఒళ్ళు చూస్తుంది, దీపంలోని మైక్ ఇల్లు వింటుంది. వెలుగు ఎంత ఎత్తుంటే అంత ఆయువు.

"పోయినసారి ఇంత పైన ఉండేది! ఏం మారింది ఇంట్లో? మీ వదినగారు లేరా?"

"చిలకలపూడి పెళ్ళికెళ్ళింది. పీడా వదిలింది డాక్టరమ్మా. ఇల్లు ఎంత చల్లగా ఉందో!"

వదిన అంటే చనిపోయిన భార్య హేమలత అక్క, స్వర్ణలత. చెల్లెలికి సంగీతం చెప్పించి, కచేరీ చేయించి, కళ్ళల్లో పెట్టుకుని పెంచింది. మంగినపూడి లాంచీలో వెన్నెల రాత్రి ఆ పాట విని మురళీధర్ మనసు పారేసుకున్నాడు. పెళ్ళయ్యాక హేమ పాడటం మానేసింది. తర్వాత జ్వరంతో పోయింది. బంగారంలాంటి గొంతు నీ వంటింట్లో మూగబోయింది అంటూ స్వర్ణలత ఈ ఇంట్లోనే తిష్ఠవేసింది.

వీధి తలుపు ధడేల్మంది. పెళ్ళినుంచి స్వర్ణలత తిరిగొచ్చింది.

"ఏమయ్యా! ఈ జాడీ మూత తీసిందెవరు? నేను లేనని ఆవకాయ మెక్కావా? కాళ్ళు చూడు, అరటిబోదెల్లా! మాత్రలు ఎక్కడివక్కడే ఉన్నాయి! హాయిగా కళ్ళు మూసుకుని నా చెల్లెలి దగ్గరికి పోదామనుకున్నావా? పోనివ్వను. ఇక్కడే ఉండి కుళ్ళు!"

మాత్ర అతని నోట్లో కుక్కింది. జాడీ అటకెక్కింది. గొట్టంలో వెలుగు పాకుతూ పాకుతూ పైకొచ్చింది.

నస్రీన్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "చూశారా! ఈ గొంతు వినబడితే చాలు, ఉప్పు తగ్గుతుందనీ మందు పడుతుందనీ దీపం నేర్చేసుకుంది! అమ్మా, మీ కోపమే ఈయనకి అసలైన వైద్యం!"

స్వర్ణలత నిలువునా బిగుసుకుపోయింది. "నేను తిడితే... వీడు బతుకుతాడా?"

"ఏళ్ళ తరబడి!"

శిక్ష అనుకుని తిట్టిన తిట్లే వీడికి వరమయ్యాయని ఆమెకి ఒళ్ళు మండింది; ఇక ఒక్క తిట్టూ దక్కనివ్వకూడదనుకుంది.

మర్నాడు రాత్రి భోజనాల దగ్గర ఇల్లు వింత మర్యాదతో నిండిపోయింది.

"మరిదిగారూ, ఇంకాస్త ఆవకాయ వేసుకోండి. అప్పడాలు వేయించాను మీకోసం."

ఆ నవ్వు చూసి మురళీధర్ పీట వెనక్కి జరుపుకున్నాడు. ఆవకాయ పక్కకి నెట్టాడు. లేచి తనే మాత్ర తెచ్చి వేసుకున్నాడు. అయినా వెలుగు అంగుళం కూడా కదల్లేదు. అతని ఒక్కడి బుద్ధిని ఆ దీపం ఏనాడూ నమ్మలేదు మరి.

"వదినా, నన్ను తిట్టవూ?"

"అయ్యో, అవేం మాటలండీ! పెద్దవారు. నెయ్యి వెయ్యనా?"

వెలుగు కిందికి దిగింది. మురళీధర్ ఊపిరి బరువెక్కింది. ఎదురుగా గోడమీద ఫోటోలో హేమ, లాంచీలో పాడిననాటి హేమ. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నీ చెల్లెలిది ఏం గొంతులే వదినా! రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుండేది. మొహమాటానికి చప్పట్లు కొట్టాను."

నేతిగిన్నె ఠంగున కిందపడింది.

"ఏం కూశావ్? దాని పేరెత్తే మొహమేనా నీది? ఇటివ్వు ఆ పళ్ళెం! నీకు ఆవకాయొకటా? చప్పిడి మజ్జిగ తాగి పడుండు! మాత్ర నిజంగా మింగావా? నోరు తెరువు!"

గదంతా నీలంగా వెలిగిపోయింది. తన చేతులమీద ఆ రంగు చూసి స్వర్ణలత నోరు నొక్కుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"రేపు చెప్తా నీ పని," అని పళ్ళు కొరికింది. వెలుగు ఇంకో అంగుళం లేచింది.

మురళీధర్ మజ్జిగ తాగి మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫోటో వంక చూడలేదు. రేపటికి ఇంకో మాట కావాలి. హేమ జడ గురించి అనాలా, నడక గురించి అనాలా అని వెతుక్కున్నాడు. నవ్వు జోలికి మాత్రం అన్నిటికంటే ఆఖర్న పోదామనుకున్నాడు.