మూడో బోరు ఆగిన వేసవి

"తాగినంత తాగి, మిగిలిందెంతో కొలుచుకోవడానికి వచ్చారా సార్?"

తన పెరటి బావి దగ్గర లిగాయా అతనితో అన్న మొదటి మాట అది. బనహావ్ కొండ మీది కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఇంజనీరు ఎఫ్రెన్ కంగారుపడ్డాడు. చేతిలోని టేపు జారి ఆమె బావిలోనే పడింది. పగుళ్లిచ్చిన చేమమడిలోంచి వచ్చి, బకెట్‌తో దాన్ని తోడి ఇచ్చి నవ్వింది లిగాయా.

కొండ కింది ఊళ్లో బావుల నీటిమట్టం ప్రతి బుధవారం కొలవడం అతని పని. మిగతా బావులకు పది నిమిషాలు పట్టేది. ఆ ఒక్క బావికీ గంట. ఆమె వెక్కిరింతలు వింటూ కూర్చుంటే కొండ మీది పొగమంచు పెరట్లోకి దిగినట్టుండేది. తిరిగి వెళ్లేటప్పుడు ఏ దారిన నడిచాడో గుర్తుండేది కాదు.

ఏప్రిల్‌లో లెక్క తేలింది. ఫ్యాక్టరీ మూడో బోరు నడిచిన ప్రతి వారం ఊరి బావులు జానెడు దిగుతున్నాయి. వానలు పడేదాకా నోరు విప్పొద్దని మేనేజరు చెప్పాడు. ఎఫ్రెన్ ఆ సంగతి లిగాయాకు చెప్పాడు.

ఆ రోజు ఆమె వెక్కిరించలేదు. "ఉద్యోగం పోతుందేమో. నా కోసమని నువ్వు ఈ సంగతి ఊళ్లో చెప్పకు" అంది మెల్లగా.

ఆమె నోట 'నువ్వు' వినడం అదే మొదలు.

"నీ ఒక్కదాని కోసం కాదు. ఊరి నీళ్లు కదా" అన్నాడు.

చర్చి హాల్లో జరిగిన సమావేశంలో లేచి అంకెలన్నీ చదివాడు. ఊరంతా పట్టుబట్టడంతో, వేసవిలో మూడో బోరు ఆపుతామనీ, సీసాలు కడిగిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటామనీ కంపెనీ ఒప్పుకుంది. వారం తిరక్కుండా ఎఫ్రెన్‌ను ఎక్కడో దూరాన ఉన్న సెబూ దీవికి బదిలీ చేసింది.

చెప్పి వెళ్దామని వస్తే లిగాయా బయటికి రాలేదు. తలుపు వెనక నిలబడి, అతని అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా విని, అప్పుడు ఏడ్చింది.

బావిలో నీళ్లు మెల్లగా పైకొచ్చాయి. మడిలో చేమాకులు గొడుగుల్లా విచ్చుకున్నాయి. ఆమెకు మాత్రం బుధవారాలు గడిచేవి కావు.

జూన్‌లో, సన్నటి వానలో, ఎఫ్రెన్ తడుస్తూ గేటు దగ్గర నిలబడ్డాడు. కంపెనీ మానేశాననీ, ఊరి నీటి సంఘం పనికి రమ్మందనీ చెప్పాడు.

"సంఘం కోసమే వచ్చావా?"

"అది పిలవకపోయినా వచ్చేవాణ్ణి. నీ దగ్గరే ఉండాలని ఉంది, లిగాయా."

లిగాయా వానలోకి వచ్చి గేటు తీసింది.

"నేను నోటికొచ్చినట్టు మాట్లాడతాను. రోజూ వినాలి మరి."

"రెండు నెలలు వినకుండా ఉండి చూశాను. నావల్ల కాలేదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని చూరు కిందికి లాక్కొచ్చింది. లోపలికి తిరిగి, ఇంకో ప్లేటు పెట్టమని తల్లితో చెప్పింది. ఎవరికని అడిగింది తల్లి.

"ఇకనుంచి రోజూ పెట్టాలమ్మా" అంది లిగాయా.