తలుపుల్లేని ఇంట్లో గొంతు

భవానీపురం ఇళ్ళన్నీ అయిపోయాక, నది కరకట్ట పక్కన, తలుపుల్లేని ఇల్లొకటి ఉండేది. ఇప్పుడు దానికి తలుపులున్నాయి. వాటి మీద పళ్ళెమంత రేకు బిళ్ళలు రెండు కొట్టి ఉంటాయి. అవి ఎందుకున్నాయో ఆ చుట్టుపక్కల ఎవర్నడిగినా ఏదో ఒకటి చెబుతారు. ఉన్నదున్నట్టు మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ రోజుల్లో చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నుంచి నడవాలంటే మగవాళ్ళకే కాళ్ళాడేవి కావు. తప్పనిసరైతే బీడీ ముట్టించుకుని, అటు చూడకుండా దాటేసేవాళ్ళు.

ఇల్లు కట్టింది కలప అడితి బసవయ్య. గోడలు లేచాయి, స్లాబు పడింది, కరెంటు కూడా వచ్చింది. సింహద్వారానికి టేకుతో రెండు రెక్కలు దగ్గరుండి చేయించాడు. రెక్కకో తామర పువ్వు చెక్కించాడు. గృహప్రవేశం తొమ్మిది రోజులుందనగా ఆయన భార్య శేషారత్నం పాము కరిచి, ఆ గడప దగ్గరే పోయింది. తలుపులు బిగించనే లేదు. వాటిని వెనక గదిలో పడుకోబెట్టి గోనెపట్టా కప్పారు. బసవయ్య మళ్ళీ ఆ వైపు అడుగు పెట్టలేదు.

గడప మీద ఎవరో కూచుని ఉంటారని కొందరన్నారు... గాజుల చప్పుడు వినబడుతుందని కొందరన్నారు... చూశానన్న మనిషి, విన్నానన్న మనిషి మాత్రం ఒక్కరూ లేరు. అన్నీ ఎవరో అన్న మాటలే.

తొంభై ఎనిమిదో సంవత్సరం చలికాలంలో మాత్రం ఆ ఇంట్లోంచి నిజంగానే గొంతు వినబడింది. ఇది కరిముల్లా తన నోటితో చెప్పగా విన్న సంగతి. అతను అబద్ధమాడే మనిషి కాదు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారే ఈ కథ.

కరిముల్లా వన్‌టౌన్‌లో టేపు రికార్డర్లు బాగుచేసేవాడు. చేతిలో పనితనం ఉన్నవాడు. బీడీ లేదు, కల్లు లేదు. ఉన్న పిచ్చల్లా స్పీకర్లు. ఉయ్యూరు దగ్గర మూతబడ్డ టూరింగు టాకీసు సామాను తుక్కు కింద అమ్ముతుంటే పన్నెండంగుళాల స్పీకర్లు రెండు తెచ్చుకున్నాడు. వాటిని పెట్టెలో బిగించకుండా, వట్టి చెక్క పలక మీద, వెనకంతా తెరిచి ఉంచి పాడించాలని పట్టుదల పట్టాడు.

"పెట్టెలో పెడితే మనిషి బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంటుంది. పలక మీదైతే ఎదురుగా నిలబడి మాట్లాడినట్టే" అనేవాడు.

"ఎదురుగా నిలబడే మాట్లాడుతున్నా. మీరు వింటేగా!" అనేది భార్య నుస్రత్.

వాళ్ళది ఒక్క గది ఇల్లు. పలక ముందూ వెనకా చోటు కావాలి. ఎవరికీ అక్కర్లేని చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది. వెళ్ళి బసవయ్యని అడిగాడు. ముసలాయన తల ఎత్తకుండానే ఒప్పుకున్నాడు.

"వాడుకో. అద్దె వద్దు. లోపలున్న దేన్నీ ముట్టుకోకు."

"ముట్టుకోనండీ, బసవయ్యగారూ. మాట."

ఇంట్లో నుస్రత్‌కి ఇంకో మాట ఇచ్చాడు. రంజాన్ నెలవంక కనబడేలోగా ఈ స్పీకర్లు మనిషి గొంతు పలక్కపోతే వాటిని తుక్కులో వేసి, షాపు మూసి, టీవీ షోరూంలో జీతానికి చేరతానని. నెలవంకకి ఇంకా ఇరవై రెండు రోజులుంది.

పగలంతా షాపు. సాయంత్రం వోల్టేజీ పడిపోయి యాంప్లిఫైయర్ గుర్రుపెట్టేది. పదిన్నర దాటితే గానీ కరెంటు నిలకడగా ఉండేది కాదు. అందుకని రాత్రిళ్ళే వెళ్ళేవాడు. దెయ్యం భయం అతనికి లేదు. అతని భయమంతా బేస్ గురించే, డోలు దెబ్బలో ఉండే ఆ లోతైన మోత గురించే.

బేస్ రాలేదు.

రెండడుగుల ప్లైవుడ్ పలక కోసి బిగించాడు. డోలు కొడితే డబ్బా కొట్టినట్టుంది. మూడడుగుల పలక కోశాడు. డబ్బా కాస్త పెద్ద డబ్బా అయింది, అంతే. పక్కలకి చెక్కలు తగిలించాడు. పలక అదిరింది, మేకులు పాడాయి. మేకులు పీకి మరలు బిగించాడు. మరలూ పాడాయి.

జబ్బేమిటో అతనికి తెలుసు. స్పీకరు ముందుకి ఎంత గాలి తోస్తుందో వెనక నుంచి అంతే లాక్కుంటుంది. పలక చిన్నదైతే ఆ రెండూ అంచు చుట్టూ తిరిగి కలుసుకుని ఒకదాన్నొకటి మింగేస్తాయి. మందు కూడా తెలుసు — వెడల్పైన, బరువైన, అదరని చెక్క. అంత చెక్క కొనే తాహతు లేదు. తెలిసీ చెయ్యలేకపోవడం తెలియకపోవడం కంటే ఎక్కువ కాలుస్తుంది.

పాటలు పెట్టి వింటే చెవి మోసపోతోందనిపించింది. బాగా ఎరిగిన గొంతైతే తేడా పట్టెయ్యొచ్చు. ఒకరోజు వంటింట్లో మైకు పెట్టి, "ఏదో ఒకటి మాట్లాడు" అన్నాడు. నుస్రత్ ఒళ్ళు మండి, రోజూ అనేదే అంది.

"ఏమండీ... వస్తున్నారా? అన్నం చల్లారిపోతోంది..."

ఆ ముక్కనే క్యాసెట్ నిండా ఎక్కించాడు. రాత్రి మీద రాత్రి అదే వినడం. ఏమండీ... వస్తున్నారా... పలక జరుపుతాడు. మళ్ళీ వింటాడు. రేకులోంచి వచ్చినట్టు సన్నటి గొంతు. అది నుస్రత్ కాదు. ఎవరో.

పద్నాలుగో రాత్రి విసిగిపోయి పలకని పిడికిలితో గుద్దాడు. చెయ్యి చీరుకుంది. గుడ్డ కోసం వెతుక్కుంటూ వెనక గదిలోకి వెళ్ళాడు. టార్చి వెలుగులో గోనెపట్టా... పట్టా కింద తలుపులు.

టేకు. రెండంగుళాల మందం. వేలితో తట్టి చూశాడు. చప్పుడు చెక్కలోనే ఆగిపోయింది.

ఇచ్చిన మాట గుర్తుకు రాకపోలేదు. ఎలాగూ చెదలు తినేవేగా అని దానికి సమాధానం చెప్పుకున్నాడు. తప్పు చెయ్యబోయేవాడికి సమాధానం ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. తామర పువ్వు చెక్కిన చోట చెక్క గట్టిగా ఉంది. అక్కడే రంపం పెట్టాడు. రెండు పువ్వులూ గుండ్రంగా ఊడి రావడానికి మూడు రాత్రులు పట్టింది.

మూడో రాత్రి గడిచిన పొద్దున, రత్తమ్మ చేపల తట్ట దించి నుస్రత్ గుమ్మంలో కూలబడింది. పగలు ఇంటింటికీ చేపలమ్మి, రాత్రి లారీలు ఆగే చోట చేపల వేపుడు అమ్ముకుని, పదకొండింటికి కరకట్ట మీదుగా ఇల్లు చేరే మనిషి.

"వేపుడు పొయ్యి ఎత్తేశానమ్మా, నుస్రతమ్మా. రాత్రిళ్ళు ఇక ఆ దారి నా వల్ల కాదు."

"ఏమైంది?"

"పిలిచింది."

"ఎవరు?"

"ఇంకెవరు? శేషారత్నమ్మ!" రత్తమ్మ గొంతు తగ్గించింది. "మొన్నామధ్య. మొగుణ్ణి పిలుస్తోందమ్మా. ఏమండీ, వస్తున్నారా... అని. నేను ఇంటికి సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి టక్కున ఆగిపోయింది. హమ్మయ్యనుకుని రెండడుగులు వేశానో లేదో — వీపు వెనకాల మళ్ళీ! ఏమండీ... తట్ట పారేసి పరిగెత్తాను. నా ఇనప మూకుడు కూడా అక్కడే పోయింది."

లోపల టీ తాగుతున్న కరిముల్లా గ్లాసు కింద పెట్టాడు. ఎదురుగా వస్తే ఆగి, దాటితే వినబడే గొంతు... అది పలక అంచు. పలకల అంచు కరకట్ట వైపే ఉంది. అంచుకి సూటిగా నిలబడ్డవాడికి ముందు గాలీ వెనక గాలీ ఒకదాన్నొకటి మింగేసుకుని ఏమీ వినబడదు. ఇన్నాళ్ళూ తను తిట్టుకుంటున్న జబ్బే అది. రత్తమ్మకి దెయ్యమైంది.

"అన్నం గురించేమైనా అందా?" మొగుడి వైపు చూస్తూ అడిగింది నుస్రత్.

"అందమ్మా! చల్లారిపోతోందంట! నీకెలా తెలుసు?"

"మొగుళ్ళని పిలిచేవాళ్ళు ఎవరైనా అదే అంటారులే."

"బసవయ్యగారికి చెబితే ఏమంది, మళ్ళీ చెప్పు అంటాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు, పాపం."

రత్తమ్మ తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాక నుస్రత్ నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"పిలిచి చెప్పండి, అది నేనని. ఉత్తిపుణ్యానికి పొయ్యి ఆర్పేసుకుంది."

"చెబుతాలే."

"ఎప్పుడు?"

"నెలవంక కానీ."

ఇప్పుడే చెబితే నలుగురూ చూడ్డానికి వస్తారు. బసవయ్యా వస్తాడు. తలుపులు చూస్తాడు. ఆ సంగతి నుస్రత్‌కి కూడా చెప్పలేదు. నోరు విప్పలేదు కాబట్టి అబద్ధమాడలేదనుకున్నాడు. నోరు మూసుకుని ఆడేది ఇంకా పెద్ద అబద్ధం.

నెలవంకకి ఒక్క రాత్రి మిగిలింది.

తలుపు రెక్కల్లో స్పీకర్లు బిగించి గది మధ్య నిలబెట్టాడు. మునుపటి కంటే నయం. అంతే, నయం. డోలు డోలులా ఉంది గానీ దూరంగా ఎక్కడో, పక్కవీధి పెళ్ళిలో మోగుతున్నట్టుంది. గొంతు మనిషిదే గానీ ఒంట్లో రక్తం లేని మనిషిది. దీనికోసమా ఇచ్చిన మాట తప్పింది? దీనికోసమా ఒకరి పొయ్యి ఆర్పింది? తలుపు పక్కన తల పట్టుకుని కూచున్నాడు.

ఎదురుగా సింహద్వారం. ఖాళీ ద్వారబంధం. అందులోంచి నది మీది చలి గాలి వస్తోంది...

కరిముల్లా లేచాడు.

రెక్కల్ని ఒకటొకటే మోసుకెళ్ళి ద్వారబంధంలో నిలబెట్టాడు. కొలిచి చేయించినవేమో, వెంట్రుక సందు లేకుండా కూర్చున్నాయి. మడతబందులు లేవు, గడియ లేదు. చుట్టూ చెక్క ముక్కలు కొట్టి కదలకుండా ఇరికించాడు. ఇప్పుడు తలుపుకి అంచు లేదు. గోడంతా పలకే. స్పీకర్ల ముఖాలు లోపలికి, వీపులు కరకట్ట మీదికి.

టేపు నొక్కాడు.

"ఏమండీ..."

నుస్రత్ వచ్చి నిలబడింది. గదిలోనే. గొంతు కింద ఊపిరి వినబడింది. గరిటె కింద పెట్టిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు టేపులో ఉందని అతనికి ఆ రాత్రి దాకా తెలియదు.

"...వస్తున్నారా? అన్నం చల్లారిపోతోంది..."

కరిముల్లా కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంకాస్త పెంచి, లైటార్పి, కళ్ళు మూసుకున్నాడు. "ఏమండీ... వస్తున్నారా?"

"వస్తున్నా..."

కరిముల్లా కళ్ళు తెరిచాడు.

టేపులో మగ గొంతు లేదు.

"వస్తున్నానే, రత్నం..."

తలుపు అవతల నించి. ఆకుల మీద అడుగులు... ఒకటి... ఆగి, ఇంకొకటి. ఆ తర్వాత చెక్క మీద అరచెయ్యి రాస్తున్న చప్పుడు. కరిముల్లా చీకట్లో గోడ పట్టుకున్నాడు. మెల్లగా కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూశాడు.

బసవయ్య. శాలువా కప్పుకుని, గడప ముందు.

టేపు ఆపేసి వెనక గుమ్మం నుంచి జారుకుంటే సరిపోయేది. ముసలాయన భార్య పిలుపు విన్నాననుకునే వెళ్ళేవాడు. చీకట్లో కన్నాలు కనబడవు. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పైగా ముసలాయనకి అదో తృప్తి. కరిముల్లా ఇవన్నీ అనుకున్నాడు. అనుకుంటూనే టేపు ఆపి, లైటు వేసి, వెనక నుంచి చుట్టూ తిరిగి ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

అప్పటికే బసవయ్య వేళ్ళు తామర పువ్వుని వెతుక్కుంటూ వెళ్ళి స్పీకరు ఇనుముకి తగిలాయి.

"ఆవిడ కాదండీ" అన్నాడు కరిముల్లా. "మా ఆవిడ. క్యాసెట్. రత్తమ్మ విన్నదీ అదే. తలుపులు కోసింది నేను."

చెంప ఛెళ్ళుమంది. కరిముల్లా తల ఎత్తలేదు.

బసవయ్య గడప మీద కూలబడ్డాడు.

"మీ ఆవిడ పోయిందా?"

"అయ్యో, లేదండీ. ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఉందా?"

"ఉందండీ."

"అంతలా పిలుస్తుంటే మరి ఇక్కడేం చేస్తున్నావురా?"

బసవయ్య దారి వైపు చెయ్యి చూపించాడు.

"పో. ఇంటికి పో."

"రేపొద్దున రత్తమ్మకి చెప్పేస్తానండీ. ఈ కన్నాలు..."

"రేపటి సంగతి రేపు. నేను కాసేపు కూచుంటా. పో."

కరిముల్లా లోపలికెళ్ళి యాంప్లిఫైయర్ కట్టేశాడు. ప్లగ్గు పీకాడు. ఆ క్యాసెట్ ఇక అక్కడ ఉండకూడదని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చెంప మండుతోంది. ఇన్ని రోజుల అవస్థకి ఫలితం ఇదీ — చివరికి గొంతు పలికింది, పలికింది పరాయి వాళ్ళ గోడ. గోడని మోసుకెళ్ళలేడు. సోమవారం షోరూంలో చేరాలి.

కరకట్ట మీద వంద అడుగులు నడిచాడేమో.

"ఏమండీ... వచ్చారా?"

ఆగాడు. వెనక నుంచి... మెల్లగా, గుమ్మంలోకి వచ్చి పలకరించినట్టు.

"కాళ్ళు కడుక్కోండి..."

నుస్రత్ గొంతు కాదు. పెద్దావిడ గొంతు. కరిముల్లా చెయ్యి జేబు మీదికి పోయింది. క్యాసెట్ జేబులోనే ఉంది.

"వచ్చానే" అన్నాడు బసవయ్య.

ఆ తర్వాత బందుల మీద తలుపు కిర్రుమని తిరిగింది. గడియ పడింది.

కరిముల్లా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తలుపులకి బందులు లేవు. గడియ అంతకన్నా లేదు.