రెండో లాగిన్

జుబేర్ జీవితంలోకి ఆస్మా ఒక్క స్టార్‌తో అడుగుపెట్టింది.

జుబేర్‌ది నరసరావుపేట. వెబ్‌సైట్లకి తగిలించుకునే ప్లగిన్లు రాయడం అతని పని. కిందటేడు ‘చాంద్’ అని ఒకటి రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండని విడుదల చేశాడు. దుకాణాల సైట్లో పెట్టుకుంటే అది ఇస్లామీ తారీఖు చూపిస్తుంది. రంజాన్ పండగ రోజున తనంతట తనే ‘ఈద్ ముబారక్, ఈరోజు సెలవు’ అని బోర్డు పెట్టి బుకింగులు ఆపేస్తుంది. ఎవరూ వేలు కదపక్కర్లేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

పండగ మర్నాడు ప్లగిన్ పేజీలో ఒక్క స్టార్‌తో రివ్యూ పడింది.

“చాంద్ రాత్ నాడు మా దుకాణం మూసేసింది. దీన్ని రాసినాయన ఏ దేశంలో పండగ చేసుకుంటాడో కనుక్కోండి. - ఆస్మా, మాచర్ల.”

చాంద్ రాత్ అంటే పండగ ముందు సాయంత్రం. చాంద్, అంటే నెలవంక, కనపడిందనగానే ఆడవాళ్ళంతా గాజులకీ మెహందీకీ బయల్దేరతారు. ఆస్మా తండ్రి ఖాదర్ వలికి గాజుల కొట్టుంది. ఆ సాయంత్రం మెహందీ పెట్టడానికి ఆస్మా సైట్లో స్లాట్లు ఇచ్చింది. జుబేర్ ప్లగిన్ వాటన్నిటినీ క్యాన్సిల్ చేసి, ఒక్కరోజు ముందే అందరికీ పండగ శుభాకాంక్షలు పంపింది.

జుబేర్‌కి రోషం వచ్చింది. ఈ వృత్తిలో అందరూ ఇచ్చే జవాబే ఇచ్చాడు. “మిగతా ప్లగిన్లు ఆపేసి, మళ్ళీ ఒకసారి చూడగలరు.”

“ఏం చూడాలి? పండగ అయిపోయింది,” అని రాసింది ఆస్మా.

బైకులు బాగుచేసే అతని తండ్రి హబీబుల్లా ఇది విని కొడుకు వంక జాలిగా చూశాడు. “బండి ఆగిందని వచ్చినోణ్ణి నీకు తోలటం రాదంటే మళ్ళీ మన షెడ్డుకి వస్తాడా? ఎల్లి చూసి రారా.”

వెళ్ళాడు.

మాచర్ల కొట్టులో గాజుల పెట్టెలు సర్దుతున్న అమ్మాయి తలెత్తింది. పెద్ద కళ్ళు. వాటిలో స్వాగతం లాంటిదేమీ లేదు.

“జుబేర్ అండీ. చాంద్ ప్లగిన్...”

“ఒకరోజు ముందే పండగ చేసుకునేది మీరేనా?”

“చిన్న పొరపాటండీ.”

“మీ కోడ్ చూశాన్లే. సౌదీ లెక్క తెచ్చి పెట్టారు. అక్కడ మనకన్నా ఒకరోజు ముందే పండగ.” ఆమె గుంటూరులో బీసీఏ చదివిందని అతనికి అప్పటికి తెలియదు.

“ఒక రోజు కలిపితే సరిపోద్ది. ఐదు నిమిషాల పని.”

“ఇక్కడ రంజాన్ ఒక ఏడు ఇరవై తొమ్మిది రోజులు, ఇంకో ఏడు ముప్పై. ఎన్నో ఎవరు చెప్తారు?”

“మసీదులో చెప్తారు.”

“ఆ మాట మీ ప్లగిన్‌కి ఎట్టా చేరుద్ది? మసీదుకి ఏపీఐ ఉందా?”

లేదని అతను ఒప్పుకోక తప్పలేదు.

“బటన్ పెట్టండి. మైకులో చాంద్ కనపడిందని చెప్పగానే కొట్టువాళ్ళే నొక్కుతారు. అప్పుడు మెహందీ స్లాట్లు తెరుచుకోవాలి, మర్నాటికి సెలవు బోర్డు పడాలి.”

“ఎవరో నొక్కాలంటే ఇంక ప్లగిన్ ఎందుకండీ? ఆటోమేటిక్ అవడమే దాని గొప్ప.”

“ఆ గొప్పకే మా కొట్టు మూతపడింది.”

ప్రేమ అక్కడే మొదలైంది. అతనికి మాత్రం తిరుగు బస్సు గురజాల దాటాక తెలిసింది.

ఇంటికెళ్ళి బటన్ పెట్టాడు. ఆ తర్వాత ఏడాదంతా అతను కొత్త వెర్షన్ పంపడం, ఆమె అందులో తప్పు పట్టడం. తప్పు లేని వెర్షన్ పంపిన రోజున ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తోచేది కాదు. అందుకని అతను అప్పుడప్పుడూ ఒక తప్పు కావాలనే వదిలేసేవాడు. ఆమెకి అది తెలుసు. తెలిసీ తిట్టేది. ఈ తిట్లలోనే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది.

మళ్ళీ రంజాన్ వచ్చింది. మొదటి వారంలోనే రొంపిచెర్లలో ఒక చెప్పుల కొట్టాయన పొరపాటున బటన్ నొక్కి ఈద్ ప్రకటించేశాడు. ఊరంతా ఉపవాసాల్లో ఉంటే ఆయన సైటు మాత్రం పండగ చేసుకుంది.

జుబేర్ ఫోన్లో మొత్తుకుంటే ఆస్మా పడీపడీ నవ్వింది.

“చాంద్ చూశామని ఇద్దరు సాక్ష్యం చెప్తేగానీ పెద్దోళ్ళు ఒప్పుకోరు. నీ ప్లగిన్ ఒక్కడి మాట నమ్మేస్తదేంది? రెండు లాగిన్లు పెట్టు. ఇద్దరూ నొక్కాలి, అదీ పాస్‌వర్డ్ కొట్టి.”

ఈసారి అతను వాదించలేదు. వారంలో రాసి విడుదల చేశాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

“ఇంకో బగ్ ఉంది ఆస్మా.”

“ఏంది?”

“నువ్వు ఫోన్ చెయ్యకపోతే ఆ రోజు నేను పనిచెయ్యట్లేదు.”

అవతల గాజుల పెట్టె మూసిన చప్పుడైంది.

“ఎప్పటినుంచి?”

“మొదటి వెర్షన్ నుంచి.”

“నాకూ నువ్వంటే ఇష్టమే,” అంది ఆస్మా, తప్పు పట్టేటప్పటి గొంతుతోనే. “కానీ ఈ రివ్యూ రాయాల్సింది మా అబ్బా. ఆయన్ని అడగాలి.”

జుబేర్ తల్లి నజీమా మాచర్ల వెళ్ళి సంబంధం అడిగింది. ఖాదర్ వలి టీ ఇచ్చి, ఉన్నమాట చెప్పాడు.

“పిల్లాడు మంచోడేనమ్మా. కానీ ఒకసారి నా కొట్టు మూయించాడు. ఈ చాంద్ రాత్ సరిగ్గా జరగనీ, మాట్లాడుకుందాం. జరక్కపోతే ఆ సైటూ వద్దు, ఈ సంబంధమూ వద్దు.”

ఇరవై తొమ్మిదో ఉపవాసం నాడు జుబేర్ లాప్‌టాప్‌తో మాచర్లలో దిగాడు. సాయంత్రం వాన మొదలైంది. ఎండాకాలం వానకి పద్ధతీ పాడూ ఉండవు. ఆకాశమంతా మబ్బు.

“కనపడకపోతే?” అన్నాడు.

“రేపు ముప్పయ్యో ఉపవాసం. నీకు ఇంకోరోజు టెన్షన్,” అంది ఆస్మా.

ఫోన్ మోగింది. ఎక్కడో చూశారట అని మెసేజ్. అతని చెయ్యి లాప్‌టాప్ వైపు కదిలింది.

“నొక్కమాక. ‘అట’లకి పండగ రాదు.”

నమాజు అయ్యేసరికి వాన వెలిసింది. పడమట మబ్బు కాస్త విడింది. మసీదు ముందు ఒక్కసారిగా కేకలు. కొద్దిసేపటికి మైకులో చాంద్ కనపడిందని చెప్పారు.

ఖాదర్ వలి మసీదు నుంచి పరుగున కొట్టుకి వచ్చేసరికే గుమ్మం నిండా జనం. ఒకామె గాజులకని ఆయన ముందు చెయ్యి చాపింది. ఆస్మా బటన్ నొక్కింది. తెరమీద ‘ఒకరు చెప్పారు. రెండోవారు చెప్పాలి’ అని వచ్చి ఆగింది.

రెండో లాగిన్ ఖాదర్ వలిది. ఆయన చేతుల్లో ఆ ఆడమనిషి చెయ్యి ఉంది. మట్టిగాజులు వేళ్ళ కణుపుల దగ్గరికి వచ్చాయి. వదిలితే పగులుతాయి, చెయ్యి కోసుకుంటుంది. ఆమె వెనక ఇంకా నలుగురు చేతులు చాపి ఉన్నారు. ఈలోగా స్లాట్లు రావట్లేదని ఫోన్లు.

“నువ్వు తెరవలేవా?” అంది ఆస్మా గొంతు తగ్గించి.

“తెరవగలను. దీన్ని రాసినోణ్ణి. కానీ ఇద్దరు సాక్షులని ఊరందరికీ చెప్పి, నేనే దొడ్డిదారిన పోతే ఎట్టా?”

“సంబంధం పోద్ది జుబేర్.”

“తెలుసు.” జుబేర్ లాప్‌టాప్ మూసేశాడు.

ఖాదర్ వలి తలెత్తకుండానే అడిగాడు. “ఏందిరా ఆగింది?”

“మీరు నొక్కాలి చాచా.”

“చాంద్‌ని కళ్ళారా చూసొచ్చా. సాక్ష్యం నాదే, వేలు నీది. నా జేబులో ఫోన్ తీసుకొని నొక్కు.”

“పాస్‌వర్డ్ అడుగుద్ది.”

“చెప్తా, కొట్టుకో.”

“పాస్‌వర్డ్ బయటివాళ్ళకి చెప్పకూడదు చాచా.”

ఖాదర్ వలి చివరి గాజు ఎక్కించాడు. ఒక్కటీ పగల్లేదు. అప్పుడు తలెత్తి జుబేర్‌ని చూశాడు.

“బయటోడికి ఎవడు చెప్తున్నాడు? అల్లుడికి చెప్తున్నా.”

గుమ్మంలో ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లున నవ్వారు. ఆస్మా దుపట్టా ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆయన చెప్పాడు. కూతురి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. అంత బలహీనమైన పాస్‌వర్డ్‌ని జుబేర్ ఏ కస్టమర్‌కీ ఒప్పుకునేవాడు కాదు. ఈసారి నోరెత్తకుండా కొట్టాడు.