నలభై నిమిషాల ఫోటో

అమావాస్య. రాత్రి రెండూ పది.

మూతపడి ముప్పై ఏళ్ళయిన పత్తి మిల్లు ఎదుట ఫోటోగ్రాఫర్ కెమెరాను స్టాండుకి బిగించి మీట నొక్కాడు. నలభై నిమిషాలు లెన్సు తెరిచే ఉండాలి. చుక్కలు కదిలిన దారి అప్పుడే గీతలుగా పడుతుంది. ఈలోగా దగ్గర్లో అగ్గిపుల్ల గీసినా ఫోటో పోయినట్టే.

ఇరవై రెండో నిమిషంలో మిల్లు లోపలి నుంచి కేక!

ఆడమనిషి గొంతు. అతను టార్చి మీద చెయ్యి వేశాడు. వెలిగించలేదు. పడమట మబ్బు లేస్తోంది. మళ్ళీ ఇంత చీకటి కావాలంటే నెల ఆగాలి.

"ఎవరైనా ఉన్నారా..!"

రెండో కేక. పొగగొట్టం మీది గుడ్లగూబ ఎగిరిపోయింది. మూడో కేక సగంలో తెగిపోయింది...

ఏ నక్కో అనుకున్నాడు. నక్క మాటలాడదని అతనికి తెలుసు. మిగతా పద్దెనిమిది నిమిషాలూ నిలబడ్డాడు. ఫోటో బాగా వచ్చింది.

పొద్దున అతని స్టూడియోకి ఒకావిడ వచ్చింది. ఆవిడ కూతురు బట్టలు కుడుతుంది. నిన్న సాయంత్రం జాకెట్లు ఇచ్చొస్తానని వెళ్ళి ఇంటికి రాలేదు. 'కనబడుటలేదు' అని ఆమె ఫోటోతో కాగితాలు వేయించాలి.

"బుగ్గ మీద మచ్చ అలాగే ఉంచు నాయనా. నువ్వు అన్నీ తుడిచేస్తావు. మా చెల్లెలి పెళ్ళి ఫోటోల్లో నన్ను నేనే గుర్తుపట్టలేదు."

అతను తల ఎత్తలేదు.

"మిల్లు వైపు రాత్రి అరుపు వినపడిందని... ఎవరో అన్నారమ్మా."

"విన్నవాడు వెళ్ళి చూడలేదా? వాడికి అక్కాచెల్లెళ్ళు లేరా?"

అతను బండి తీశాడు. ఆవిడ వెనక కూర్చుంది.

మిల్లు గోదాము కిటికీలకు రేకులు కొట్టి ఉన్నాయి. లోపల పగలు లేదు. బూడిదతో గీసిన గుండ్రటి గీత. గీత మధ్య కపాలం, నూనె దీపం. దీపం అవతల కూతురు. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. ఆమె నోటి నుంచి మగగొంతు నవ్వింది!

పక్కన మాంత్రికుడు.

"నేను పిలిచిన శక్తి చేరాలంటే దిక్కులేని మనిషి కావాలి. మూడుసార్లు అరిచినా ఎవరూ పలక్కూడదు. రాత్రి బయట నిన్ను చూసి నా పని చెడిందనుకున్నాను. నువ్వు పలకలేదు. ఎంత సాయం చేశావురా!"

తల్లి వెనక్కి తిరిగి ఫోటోగ్రాఫర్‌ని చూసింది. అతను నేల చూశాడు.

ఆవిడ గీత దాటింది.

"ఆగు! రక్తం కక్కి చస్తావ్!"

"ఏమ్మా, పిలిచావా? వచ్చానే" అంది ఆవిడ, పక్క గదిలోంచి పలికినట్టు. "కాస్త ఆలస్యమైంది. వచ్చాను."

కూతురి రెప్ప పడింది. దీపం ఆరింది. రేకులు అదిరాయి... పలికేవాళ్ళున్న ఒంట్లో ఆ శక్తి ఉండలేదు. చీకట్లో ఆమెను వదిలి, తనను పిలిచినవాడి మీదికి మళ్ళింది.

"కాపాడండి!" మాంత్రికుడు మూడుసార్లు అరిచాడు. ఎవరూ పలకలేదు.

ఎముకలు విరిగిన చప్పుడు...!

ఫోటోగ్రాఫర్ టార్చి వెలిగించాడు. గీత మధ్య కపాలాలు రెండున్నాయి.

బయట ఎండ. తల్లి కూతుర్ని నడిపించుకొచ్చింది.

"బండెక్కండమ్మా. ముందు అమ్మాయిని దింపి, మళ్ళీ మీకోసం వస్తాను."

కూతురు బండి వైపు అడుగు వేసింది. తల్లి ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"వద్దులే బాబూ. మేం నడుస్తాం."

ఊరు నాలుగు మైళ్ళు. కూతురి కాళ్ళకు చెప్పులు లేవు. తల్లి తనవి విప్పి ఇచ్చింది.